తిమింగలాల ఎక్స్ఛేంజి

మా అత్తయ్య కుర్చీలోంచి లేవాలంటే ఆ కుర్చీలోకి ఇంకొకరు రావాలి. బస్సులో సీటైనా, డాక్టరు గది బయట బల్ల అయినా, ఇంట్లో కిటికీ పక్కన ఉండే పాత చెక్క కుర్చీ అయినా ఇదే వరస. పెళ్ళైన కొత్తలో ఇది చూసి నాకు ఒళ్ళు మండేది. పొయ్యి మీద పాలు పొంగుతుంటే, "అమ్మాయ్, ముందు నువ్వొచ్చి ఇక్కడ కూర్చో, నేను వెళ్ళి దించుతాను" అని కేకేసేది. నేను అక్కడిదాకా వచ్చేబదులు ఆ పాలేవో నేనే దించవచ్చు కదా! ఆ మాటే అంటే, "నిజమే సుమా" అని ఒప్పుకునేది. మళ్ళీ మర్నాడు మామూలే.

ఆ అలవాటు వెనక ముప్పై ఒక్క ఏళ్ళ ఉద్యోగం ఉంది. అత్తయ్య టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరు. ఎదురుగా గోడంత బోర్డు, బోర్డు నిండా రంధ్రాలు, చేతిలో తీగలు, చెవులకి హెడ్‌ఫోను. ఎవరికి ఎవరు కావాలో విని తీగ గుచ్చి కలపడం ఆవిడ పని. వాళ్ళకి సూపర్‌వైజరుగా ఒక పెద్దావిడ ఉండేది. అత్తయ్య చేరిన తొలి రోజుల్లో ఒకసారి డ్యూటీ దిగే అమ్మాయి వెళ్ళిపోయి, ఎక్కే అమ్మాయి ఇంకా మెట్ల మీదే ఉండగా, రెండు నిమిషాలు బోర్డు ఖాళీగా ఉండిపోయిందట. ఎవరి ఇల్లో కాలిపోతుంటే ఆ రెండు నిమిషాల్లోనే ఫోను చేశారు. తియ్యడానికి ఎవరూ లేరు.

ఆ రోజు నుంచి సూపర్‌వైజరమ్మ ఒక నియమం పెట్టింది. ఎక్కే మనిషి వచ్చి వెనక నిలబడాలి. ఇంకో హెడ్‌ఫోను తగిలించుకుని కాసేపు వినాలి. అప్పుడు కూర్చున్న మనిషి భుజం మీద చెయ్యి వేసి "ఉన్నాను" అనాలి. అది చెవిన పడ్డాకే దిగే మనిషి లేవాలి. "వచ్చాను" అంటే కుదరదు. వచ్చినవాళ్ళ మనసు ఇంకా బస్టాపులోనే ఉండొచ్చని సూపర్‌వైజరమ్మ అనేది.

తరవాత మిషన్లు వచ్చాయి. ఎవరి నంబరు వాళ్ళే నొక్కుకోవడం మొదలయ్యాక, పదకొండు మంది ఆపరేటర్లకీ తలా ఒక గోడ గడియారం చేతిలో పెట్టి ఇంటికి పంపేశారు. ఆ గడియారాలు నెల తిరక్కుండానే వరసగా ఆగిపోయాయి. ఎక్స్ఛేంజి సందు మొదట్లో ఉన్న చిన్న రిపేరు కొట్టు మా నాన్నది. అక్కడ బల్ల ముందు కూర్చుని పనిచేసేదాన్ని నేను. పదకొండు గడియారాలూ ఒక్కొక్కటే నా ముందుకే వచ్చాయి. తొమ్మిదోది తెచ్చినావిడ మా అత్తయ్య. వెంట్రుకంత స్ప్రింగుని నేను చిమటాతో ఎత్తి పెడుతుంటే గంటసేపు కదలకుండా చూసి, "ఈ పిల్ల చేతులు వణకవు" అని మా నాన్నతో అందట. ఆ ముక్క మీదే మా సంబంధం కుదిరిందని ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. పెళ్ళికొడుకు ఓడలో ఇంజను మెకానిక్కు. ఆరు నెలలు సముద్రం మీద, రెండు నెలలు ఇంట్లో.

నేను కాపురానికి వెళ్ళేసరికి అత్తయ్య మళ్ళీ ఉద్యోగంలో చేరిపోయింది. ఊరి చివర వంతెన దాటితే సముద్ర పరిశోధన కేంద్రం ఉంది. వాళ్ళు నడిసముద్రంలో నీళ్ళలోకి మైకులు దించి తిమింగలాల చప్పుళ్ళు పట్టేవారు. వాటిని రోజంతా కూర్చుని విని రాసిపెట్టే మనిషి కావాలి. చదువుకున్న కుర్రవాళ్ళు వారం తిరక్కుండా బల్ల మీదే గుర్రు పెట్టారట. అత్తయ్య వెళ్ళిన రోజున అక్కడి శాస్త్రవేత్త ఒక ముక్క వినిపించి ఏం వినపడిందని అడిగాడు. వినడానికి అదంతా ఎవరో తలుపు మీద గోటితో కొడుతున్నట్టు టిక్కు టిక్కుమనే చప్పుడు.

"నలుగురున్నారండీ" అంది అత్తయ్య. "ఒకావిడ పెద్దది, నెమ్మదిగా మాట్లాడుతుంది. ఇద్దరికి తొందరెక్కువ. నాలుగోది పసిది, దానికింకా మాటలు సరిగ్గా రాలేదు."

ఆ నలుగురినీ విడదీయడానికి అంతకుముందు ఆయనకి రెండు నెలలు పట్టిందట. ఆ నిమిషమే ఉద్యోగం ఇచ్చేశాడు. మొదటిరోజు హెడ్‌ఫోను పెట్టుకోగానే అత్తయ్య అలవాటు కొద్దీ "ఎక్స్ఛేంజి, చెప్పండి" అందని, గది గదంతా నవ్విందని తనే ఇంటికొచ్చి చెప్పింది.

అప్పటినుంచి మా ఇంట్లో భోజనాల దగ్గర తిమింగలాల కబుర్లే. నాకు చిరాకు. పక్కింటివాళ్ళ సంగతులు చెప్పే అత్తగారైతే కనీసం నేనూ ఓ మాట కలిపేదాన్ని.

"మీ చేపలు ఇవాళ ఏమన్నాయి అత్తయ్యా?" అని దెప్పేదాన్ని.

"చేపలు కావే, పిల్లలకి పాలిచ్చే ప్రాణులు. నీలాగా నాలాగా" అనేది ఆవిడ, ఏమాత్రం నొచ్చుకోకుండా.

ఆవిడ వినేది చదరపు తలల పెద్ద తిమింగలాలని. అమ్మమ్మ, అమ్మ, పిన్నులు, ఆడపిల్లలు కలిసి ఒక కుటుంబంగా బతుకుతాయట. మగపిల్లలు ఎదిగాక విడిగా చల్లని నీళ్ళవైపు వెళ్ళిపోతారట. "మా వాడిలాగే" అని అత్తయ్య, "మా ఆయనలాగే" అని నేను, ఆ ఒక్క విషయంలో ఇద్దరమూ ఏకమయ్యేవాళ్ళం. ఒక్కొక్క గుంపుకి తనదైన టిక్కుల వరస ఉంటుందట. పిల్లలు పెద్దవాళ్ళ దగ్గర అది నేర్చుకుంటారట.

వాటి తిండి బాగా లోతులో దొరుకుతుంది. పెద్దవి ఊపిరి బిగబట్టి ముప్పావుగంట, గంట సేపు కిందికి పోతాయి. పసిదానికి అంత లోతుకి వెళ్ళే శక్తి ఉండదు. అది పైనే ఉండిపోతుంది. పైన సొరచేపలుంటాయి. అందుకని పెద్దవన్నీ ఒకేసారి దిగవు. ఒకటి పైకి వస్తుంటే ఇంకొకటి దిగుతుంది. తల్లి లోతులో ఉన్నంతసేపూ పిన్నో అమ్మమ్మో పిల్ల పక్కనే ఉంటుంది. ఇది శాస్త్రవేత్తలకి ముందునుంచీ తెలిసిన సంగతే. అత్తయ్య విన్నది ఇంకొకటి. పైకి వచ్చింది ఒక అయిదు టిక్కులు కొడుతుందని, అవి విన్నాకే పక్కనున్నది దిగుతుందని ఆవిడకి అనిపించింది.

"సార్, వీళ్ళకీ డ్యూటీ మార్పిడి ఉంది! 'ఉన్నాను' అంటున్నారు!" అని హెడ్‌ఫోను మెడలో వేలాడుతుండగానే ఆయన గదిలోకి పరిగెత్తిందట. అత్తయ్య మనిషిని కూర్చోబెట్టకుండా కుర్చీ వదిలింది, నాకు తెలిసి ఆ ఒక్కసారే. ఆయన మంచివాడు, నవ్వలేదు. "ఆ టిక్కుల అర్థం అదేనని తేల్చాలంటే పదేళ్ళు వినాలమ్మా" అని, రిజిస్టరులో ఆవిడ రాసిన వాక్యం పక్కన పెన్సిలుతో ఒక ప్రశ్నార్థకం పెట్టాడు. ఆ ప్రశ్నార్థకం అత్తయ్యకి పంటి కింద రాయి అయింది. "విన్నదాన్ని నేను, అనుమానం ఆయనకి" అని వారం రోజులు రుసరుసలాడింది.

ఈ కబుర్లన్నీ నాకు అప్పట్లో ఒక చెవిలోంచి ఇంకో చెవిలోకి పోయేవి. ఎనిమిదో నెలలో నా బిడ్డ పుట్టేదాకా.

పుట్టినప్పుడు పాప బరువు కిలో మూడువందల యాభై గ్రాములు. మూడు వారాలు ఆసుపత్రిలో గాజుపెట్టెలో ఉంచారు. నాకు ఆపరేషన్ కుట్లు చీము పట్టి జ్వరం. మా ఆయన ఓడ దిగడానికి ఇంకా రెండు నెలలుంది. ఇంటికి పంపే రోజున పిల్లల డాక్టరమ్మ అత్తయ్యని, నన్ను ఎదురుగా కూర్చోబెట్టి చెప్పింది. "ఈ పిల్లకి ఒంట్లో వేడి నిలవదు. అప్పుడప్పుడు ఊపిరి తీయడం మరిచిపోతుంది. గుండెకి ఆనించి, చర్మానికి చర్మం తగిలేలా గుడ్డతో కట్టుకుని ఎప్పుడూ ఎవరో ఒకరు పట్టుకునే ఉండాలి. రెండున్నర కిలోలు వచ్చేదాకా. ఎవరి గుండె అయినా పరవాలేదు, మధ్యలో ఖాళీ మాత్రం రాకూడదు."

ఇప్పుడు ఇన్నేళ్ళకి ఒక నిజం ఒప్పుకుంటాను. ఆసుపత్రిలో మొదటిసారి పాపని నా గుండె మీద పెట్టినప్పుడు, అయిదు నిమిషాలకే దాని పెదవులు నీలంగా మారాయి. నర్సు చప్పున లాక్కుని అరికాలు రుద్దితే ఊపిరి తీసింది. అంతే. కానీ ఆ తరవాత పాప దగ్గరికి వెళితే చాలు, నా చేతులు వణికేవి. వెంట్రుకంత స్ప్రింగుని ఎత్తి పెట్టిన చేతులే. నేను పట్టుకుంటే చచ్చిపోతుందని నా మనసులో పడిపోయింది. ఆ మాట ఎవరితో చెప్పుకోను? జ్వరం తగ్గిపోయాక కూడా "ఒళ్ళు వేడిగా ఉంది" అని దుప్పటి కప్పుకుని పక్క గదిలో గోడవైపు తిరిగి పడుకున్నాను.

ఇంటికొచ్చిన మొదటి రోజూ రాత్రీ అత్తయ్యే పట్టుకుంది. మర్నాడు పొద్దున్నే తలుపు తట్టిన చప్పుడైంది. చూస్తే గుమ్మంలో ఆరుగురు ఆడవాళ్ళు. అందరికన్నా ముందు చేతిలో పొడుగాటి నోటు పుస్తకంతో, డెబ్భై నాలుగేళ్ళ సూపర్‌వైజరమ్మ. వెనక ట్రంకుపిన్ని. ఎక్స్ఛేంజిలో దూరపు ఊళ్ళ ట్రంకు కాల్సన్నీ ఆవిడే చూసేది కాబట్టి ఆ పేరు. అరిచి అరిచి గొంతు అలాగే ఉండిపోయింది, గుసగుసలాడితే మేడ మీదికి వినిపిస్తుంది. మిగతా నలుగురి గడియారాలు గుర్తొచ్చాక గానీ వాళ్ళ మొహాలు నాకు గుర్తు రాలేదు.

"మూడేసి గంటలు డ్యూటీ. రాత్రి మీ అత్తది" అని గోడకి చార్టు అంటించింది సూపర్‌వైజరమ్మ. "చేతులు మోచేతుల దాకా కడుక్కోండి. దగ్గు, జలుబు ఉన్నవాళ్ళు మెట్లెక్కద్దు."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "మా ఇల్లేమన్నా ఎక్స్ఛేంజా?" అన్నాను.

"ఇవాళ్టి నుంచి అంతే" అని ఆవిడ చెప్పులు విడిచి లోపలికొచ్చేసింది.

ఆ కిటికీ పక్క కుర్చీయే బోర్డయింది. ఒకరు కూర్చునేవారు, పాపని రవికెలోపల గుండెకి ఆనించి గుడ్డ చుట్టేవారు, మీద శాలువా. మూడు గంటలయ్యాక ఇంకొకరు వచ్చి వెనక నిలబడి, పాప ఊపిరి కాసేపు విని, భుజం మీద చెయ్యి వేసి "ఉన్నాను" అనేవారు. నోటు పుస్తకంలో టైము రాసి సంతకం పెట్టేవారు. నేను పాలు పిండి గిన్నెలో పంపితే చెంచాతో పట్టేవారు. ట్రంకుపిన్నికి పాటలు రావు. తనకి నోటికొచ్చిన పాత ఫోను నంబర్లే జోలపాటలా చదివేది. "లైబ్రరీ రెండు నాలుగు ఏడు... రైల్వే విచారణ రెండు సున్నా సున్నా..." పక్క గదిలో పడుకుని అవి వింటూ నేను పళ్ళు నూరుకునేదాన్ని. నా పిల్లని ఊళ్ళోవాళ్ళంతా పెంచుతున్నారని కోపం. ఆ కోపం వాళ్ళ మీద కాదని నాకు తెలుసు. తెలిసినా వాళ్ళ మీదే చూపించాను. ఒకరికి కూడా టీ ఇవ్వలేదు. వాళ్ళే పెట్టుకుని నాకూ ఒక కప్పు తెచ్చి మంచం పక్కన పెట్టేవారు.

ఒకరోజు సాయంత్రం పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన అత్తయ్య నా మంచం అంచున కూర్చుని, అడక్కుండానే చెప్పడం మొదలెట్టింది. "ఇవాళ ఆ చిన్నదాని తల్లి బాగా ఆలస్యం చేసింది. గంట దాటింది. పైనున్న పెద్దావిడ మాత్రం ఏం కంగారు పడలేదు. మామూలుగా ఒక్కో టిక్కు కొడుతూ కూర్చుంది. వస్తుందని తెలుసు కదా మరి."

"రాకపోతే?" అన్నాను గోడవైపు తిరిగే.

"లోతుకి పోయినవాళ్ళకి టైము పడుతుందే" అని, దుప్పటి సర్ది వెళ్ళిపోయింది.

ముప్పై ఎనిమిదో రోజు వాన కుండపోతగా కురిసింది. పొద్దున తొమ్మిది నుంచి పన్నెండు దాకా సూపర్‌వైజరమ్మ డ్యూటీ. పన్నెండుకి ట్రంకుపిన్ని రావాలి. పన్నెండున్నర అయింది, రాలేదు. వంతెన మీదికి నీళ్ళొచ్చి బస్సులు ఆపేశారని పక్కింటివాళ్ళ రేడియోలో చెబుతున్నారు. ట్రంకుపిన్ని ఇల్లూ, అత్తయ్య పనిచేసే కేంద్రమూ రెండూ వంతెన అవతలే. మిగతావాళ్ళకి ఫోన్లు చేస్తే లైన్లు పోయాయి.

ఒంటిగంటకి సూపర్‌వైజరమ్మ నన్ను పిలిచింది. వెళ్ళి చూద్దును కదా, మొహమంతా చెమటలు. ఆవిడకి షుగరు. పన్నెండింటికి తినాల్సిన మనిషి. గబగబా పంచదార వేసిన టీ తెచ్చి నా చేత్తో తాగించాను. రొట్టె ముక్క నోట్లో పెట్టాను. అయినా కళ్ళు తేలిపోతూనే ఉన్నాయి.

"నా చేతులు నా మాట వినడం లేదే" అంది మెల్లిగా. "జారిపోతున్నాయి."

"మంచం మీద పడుకోబెట్టండమ్మా, పాపని. దుప్పట్లు కప్పుదాం."

"మంచానికి ఊపిరుంటుందా?" అంది. ఆ స్థితిలో కూడా గదమాయింపే. "రిలీఫ్ వచ్చేదాకా నేను లేవను."

నేను రెండడుగులు వెనక్కి వేశాను. ఆవిడ మోచెయ్యి ఒక అంగుళం కిందికి జారడం నా కళ్ళారా చూశాను. అప్పుడు వెళ్ళి మోచేతుల దాకా చేతులు కడుక్కున్నాను. వచ్చి ఆవిడ వెనక నిలబడ్డాను. వంగి విన్నాను. పాప ఊపిరి వినిపించింది, చిన్న చేతి గడియారంలా.

భుజం మీద చెయ్యి వేశాను. "వచ్చాను" అన్నాను.

"వచ్చావు సరే" అంది ఆవిడ కళ్ళు మూసుకునే. "వచ్చినవాళ్ళకి ఇవ్వను."

మళ్ళీ వంగి పాప ఊపిరి విన్నాను. "ఉన్నాను" అన్నాను.

పాప నా గుండె మీదికి వచ్చింది. సూపర్‌వైజరమ్మ కుర్చీ పక్కనే చాప మీద ఒరిగి, మిగిలిన టీ మొత్తం తాగి, కాసేపటికి మనిషయ్యింది. నేను కుర్చీలో బిగుసుకుపోయి కూర్చున్నాను. ఒక పావుగంట గడిచిందో లేదో పాప ఊపిరి ఆగింది. ఒకటి, రెండు, మూడు అని నాకు లెక్క తెలుస్తూనే ఉంది. ఆగిన గడియారాలే కదా నా బతుకంతా. బొటనవేలితో దాని అరికాలు రుద్దాను, మెల్లగా, స్ప్రింగు సరిచేసినంత మెల్లగా. పాప చిన్నగా ఎక్కిళ్ళు పెట్టి ఊపిరి తీసింది. అప్పుడు చూసుకున్నాను, నా చేతులు వణకడం లేదు. ఏడుపు ఆగలేదు, అది వేరే సంగతి. సూపర్‌వైజరమ్మ చూసి కూడా చూడనట్టు గోడ మీద చార్టు చదువుకుంది.

నాలుగింటికి నీళ్ళు తీశాక అత్తయ్యా ట్రంకుపిన్నీ తడిసి ముద్దయి వచ్చారు. అత్తయ్య ఒళ్ళు తుడుచుకుని బట్టలు మార్చుకుని నా వెనక నిలబడింది. పాప ఊపిరి విని, భుజం మీద చెయ్యి వేసి, "ఉన్నాను" అంది.

"ఉండండి. నేను లేవను" అన్నాను.

ట్రంకుపిన్ని నవ్విన నవ్వుకి వీధి చివర కుక్క మొరిగింది.

అలా అన్నానని డ్యూటీలు ఆగలేదు. వాళ్ళు మరో ఇరవై మూడు రోజులు వచ్చారు, కాకపోతే ఆ చార్టులో నా పేరూ చేరింది. టీ నేను పెట్టాను. అరవై ఒకటో రోజున పాప రెండు కిలోల అయిదువందల ఇరవై గ్రాములు తూగింది. మా ఆయన ఓడ దిగి వచ్చేసరికి, ఆరుగురు అమ్మమ్మలు అతణ్ణి చేతులు కడుక్కోమని వెనక్కి పంపారు. ఆ పాప ఇప్పుడు తొమ్మిదో క్లాసు. నిద్ర పట్టకపోతే లైబ్రరీ నంబరు చెప్పుకుంటుంది. వినికిడి తగ్గి అత్తయ్య ఉద్యోగం మానేసింది. రిజిస్టరులో ప్రశ్నార్థకం మాత్రం అలాగే ఉందట.

అరవై ఒకటో రోజున సూపర్‌వైజరమ్మ ఆ నోటు పుస్తకం నా చేతిలో పెట్టి వెళ్ళింది. అంతదాకా నా డ్యూటీకి సంతకం పెట్టడం తప్ప, వెనకటి పేజీలు నేను తిప్పలేదు. ఆ సాయంత్రం మొదటి పేజీ నుంచి చూశాను. నాది కాక ఏడు రకాల చేతిరాతలు. ఎవరు ఎక్కారు, ఎవరు దిగారు, ఎన్ని చెంచాల పాలు, ఎన్నిసార్లు అరికాలు రుద్దారు. ప్రతి పేజీ చివరా "తల్లి" అని ఒక గడి గీసి ఉంది. మొదటి రోజు ఆ గడిలో అత్తయ్య రాసింది: "జ్వరం." రెండో రోజూ అదే. తొమ్మిదో రోజు: "జ్వరం తగ్గింది. తల్లి లోతులో ఉంది." ఆ తరవాత రోజుకొకరి చేతిరాతలో అదే మాట, తల్లి లోతులో ఉంది, తల్లి లోతులో ఉంది, ఇరవై ఎనిమిది రోజులు. అందరికీ తెలుసు. మెట్లెక్కి వచ్చిన ప్రతి ఒక్కరికీ మొదటినుంచీ తెలుసు. ఒక్కరూ నన్ను ఒక్క మాట అనలేదు. తప్పుగా ఒక్క చూపు చూడలేదు.

ముప్పై ఎనిమిదో రోజు గడిలో సూపర్‌వైజరమ్మ రాత వంకరగా ఉంది. అప్పటికింకా ఆవిడ చెయ్యి వణుకుతూ ఉండి ఉంటుంది. "ఒంటిగంట పది నిమిషాలు. తల్లి పైకి వచ్చింది. లైను కలిపాను."